అమెరికాలో అద్దె కారు: మీ ప్రశ్నలు, నా జవాబులు

వేసవిలో పిల్లల దగ్గరికి, చుట్టాల దగ్గరికి అమెరికా బయల్దేరే పాఠకుల నుంచి ఈసారి అద్దె కారు గురించే ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి. అందుకని శీర్షిక మొత్తం దానికే ఇచ్చేశాను. కొత్తగా చదివేవారికి ఒక మాట: నేను డాలస్-ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయంలోని రెంటల్ కార్ సెంటర్‌లో కౌంటర్ దగ్గర చాలా ఏళ్ళు పనిచేశాను. సొంతూరు బాపట్ల దగ్గర పల్లె. రోజంతా విమానాల్లో గడిపి, నిద్రపోతున్న పిల్లల్ని భుజాన వేసుకుని నా ముందుకొచ్చిన మన కుటుంబాల్లో కొందరికి తాళాలు ఇవ్వలేక వెనక్కి పంపాల్సి వచ్చింది. ఇంట్లో ఉండగానే ఒక అరగంట కాగితాలు సరిచూసుకుంటే ఆ కష్టం రాదు.

ప్రశ్న: జూన్‌లో కాలిఫోర్నియా వెళ్తున్నాం. నాది తెలంగాణ స్మార్ట్ కార్డు లైసెన్స్. ఇంటర్నెట్‌లో ఒకాయన మూడేళ్ళు పనిచేసే ఇంటర్నేషనల్ లైసెన్స్ నాలుగు వేలకి ఇంటికే పంపిస్తానంటున్నాడు. మా బావమరిదేమో అసలు అదేం అక్కర్లేదంటాడు. ఎవరి మాట వినాలి? (ఒక పాఠకుడు, హనుమకొండ)

మీ బావమరిది మాటలో సగం నిజం ఉంది. ఆ ఇంటర్నెట్ ఆయన మాటలో అసలు లేదు.

కాలిఫోర్నియాలో 18 ఏళ్ళు దాటిన సందర్శకులు తమ దేశపు లైసెన్స్ చెల్లుబాటులో ఉన్నంతకాలం దానితోనే బండి నడపవచ్చు. ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్‌ని అక్కడి మోటారు వాహనాల శాఖ లైసెన్స్‌గా గుర్తించదు. మీ లైసెన్స్‌లో ఏముందో వేరే భాషల్లో చెప్పే కాగితంగానే చూస్తుంది. మన స్మార్ట్ కార్డులు ఇంగ్లీషులోనే ఉంటాయి కాబట్టి అక్కడికది చాలు.

అయినా పర్మిట్ తీసుకునే వెళ్ళమంటాను. అమెరికాలో ఈ నిబంధనలు రాష్ట్రానికో రకంగా ఉంటాయి. కాలిఫోర్నియా అని బయల్దేరినవాళ్ళు లాస్ వేగస్, గ్రాండ్ కాన్యన్ చూడకుండా తిరిగిరారు, అంటే నెవాడా, అరిజోనా కూడా తగులుతాయి. పైగా అద్దె కంపెనీలకు వాటి నియమాలు వాటికున్నాయి. భారతీయ లైసెన్స్ ఎన్నడూ చూడని కుర్రాడు కౌంటర్‌లో కూర్చుంటే, రెండో కాగితం చూపించగానే పని తేలికవుతుంది.

దాన్ని మీ ప్రాంతపు ఆర్టీఓ కార్యాలయంలో తీసుకోవచ్చు. ఫారం 4ఎ, పాస్‌పోర్టు, లైసెన్స్, ఫొటోలు కావాలి. ప్రభుత్వ ఫీజు 1,000 రూపాయలు, సర్వీస్ ఛార్జీలు అదనం. వీసా చేతికి రాకముందే దరఖాస్తు చేసుకోవచ్చు. 2021 జనవరిలో కేంద్రం వీసా షరతునీ, మెడికల్ సర్టిఫికెట్ షరతునీ తీసేసింది. పర్మిట్ ఏడాది పాటు చెల్లుతుంది. ఆలోపే మీ లైసెన్స్ గడువు తీరితే దానితోపాటే పోతుంది. మన దేశంలో ఏడాది మించి ఇవ్వనిదాన్ని మూడేళ్ళకి ఇస్తానన్నాడంటే అది దొంగ కాగితమేనని అర్థం. దాన్ని పోలీసుకి చూపిస్తే లేనిపోని అనుమానం కొనితెచ్చుకున్నట్టే.

అసలు లైసెన్స్ కార్డు చేతిలో ఉండాలి. మన దగ్గర డిజిలాకర్‌లో చూపిస్తే ట్రాఫిక్ పోలీసు ఒప్పుకుంటాడు. అక్కడ కౌంటర్‌లో ఫోన్ తెర చూసి ఎవరూ తాళాలివ్వరు.

ఇక మన తెలుగువాళ్ళకే ఎక్కువగా వచ్చే చిక్కు ఒకటుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, లైసెన్స్ మీద పొడి అక్షరంగా ఉంటుంది, క్రెడిట్ కార్డు మీద అసలు ఉండనే ఉండదు. బుకింగ్ ఏమో పిలుపుపేరుతో చేసి ఉంటారు. మనకు అన్నీ ఒక మనిషే. కౌంటర్ అమ్మాయికి మాత్రం నలుగురు మనుషులు. లైసెన్స్ మీద ఎలా ఉందో అలాగే బుక్ చెయ్యండి. లైసెన్స్‌లో ఇంటిపేరు పొడిగా ఉంటే, పాస్‌పోర్టులోలాగా మార్పించుకుని ఆ తర్వాతే పర్మిట్‌కి వెళ్ళండి.

క్రెడిట్ కార్డు కూడా నడిపేవారి పేరు మీదే ఉండాలి. కంపెనీ అద్దెకి అదనంగా డిపాజిట్ కింద కొంత మొత్తాన్ని కార్డులో ఆపి ఉంచుతుంది, కారు తిరిగిచ్చిన కొన్ని రోజులకు వదులుతుంది. డెబిట్ కార్డుకి చాలాచోట్ల సవాలక్ష షరతులుంటాయి. మన బ్యాంకు కార్డుల్లో విదేశీ వాడకం మామూలుగా మూసే ఉంటుంది, 2020 నుంచి రిజర్వ్ బ్యాంక్ నిబంధన అది. బ్యాంకు యాప్‌లోకి వెళ్ళి తెరవండి, పరిమితి పెంచండి. ఓటీపీ వచ్చే నంబరుకి రోమింగ్ కూడా చూసుకోండి.

ప్రశ్న: హ్యూస్టన్‌లో వారం రోజులకి సైట్‌లో రోజుకి 30 డాలర్ల లోపే చూపించింది. దిగాక కౌంటర్‌లో ఇన్సూరెన్స్ అంటూ ఒక్కొక్కటీ కలిపి రెట్టింపు పైన చేశారు. టెన్షన్‌లో సంతకం పెట్టేశాను. ఇది మోసం కాదా? మళ్ళీ డిసెంబర్‌లో వెళ్ళాలి. (ఒక పాఠకురాలు, విశాఖపట్నం)

అమ్మా, ఈ నెల వచ్చిన అన్ని ఉత్తరాల్లోకీ ముఖ్యమైనది మీదే.

కౌంటర్‌లో అమ్మేవాటి మీద ఉద్యోగికి కమీషన్ ఉంటుంది, నాకూ ఉండేది. కాబట్టి అక్కడ చెప్పేవన్నీ అవసరమని నమ్మకండి. కానీ వాటిలో ఒకటి మాత్రం లేకుండా మీరు కారెక్కకూడదు. ఆ ఒక్కటీ ఏదో తెలియక జనం అన్నీ కొంటారు, లేదా అన్నీ వద్దంటారు.

మొదటిది డ్యామేజ్ వేవర్. కాగితం మీద సీడీడబ్ల్యూ అనో ఎల్‌డీడబ్ల్యూ అనో రాసుంటుంది. అద్దె కారుకి గీత పడినా, సొట్ట పడినా, దొంగతనం జరిగినా కంపెనీ మిమ్మల్ని డబ్బు అడగదని ఒప్పుకోలు. మనవాళ్ళ భయమంతా దీని చుట్టూనే. కారుకి గీత పడితే ఎంత కొడతారో అని.

రెండోది లయబిలిటీ. మీ వల్ల ఎదుటి మనిషికి దెబ్బ తగిలితే, ఎదుటి కారు దెబ్బతింటే కట్టే డబ్బు. దీని గురించి నన్ను తనంతట తానుగా అడిగిన మనవాళ్ళు చాలా అరుదు. అసలు భయపడాల్సింది మాత్రం దీని గురించే. కారు ఎంత ఖరీదైనా దానికో ధర ఉంటుంది, నష్టం అంతకు మించి పోదు. మనిషి వెన్నుపూసకి దెబ్బ తగిలితే ఆసుపత్రి ఖర్చుకి హద్దు లేదు.

టెక్సాస్ చట్టం కోరే కనీస లయబిలిటీని 30/60/25 అంటారు. అంటే గాయపడిన ఒక్కో మనిషికి 30,000 డాలర్లు, ప్రమాదం మొత్తానికి 60,000, ఆస్తి నష్టానికి 25,000. కాలిఫోర్నియాలో 1967 నుంచి మనిషికి 15,000 దగ్గరే ఉండిపోయింది. 2025 జనవరి 1 నుంచి 30,000 చేశారు. సిగ్నల్ దగ్గర ఎడమకి తిరుగుతూ ఎదురొచ్చే కారుని సరిగా అంచనా వెయ్యలేదనుకోండి. అందులో ఇద్దరికి ఎముకలు విరిగి, ఆపరేషన్లు పడితే ఆ 30,000 ఏ మూలకూ చాలదు. మిగతాది మీ నుంచి రాబట్టుకోవడానికి కోర్టుకి వెళ్తారు. అక్కడ కాపురం ఉండేవారికి సొంత కారు పాలసీ ఉంటుంది, చాలా పాలసీలు అద్దె కారుకీ వర్తిస్తాయి. ఊరు చూడటానికి వచ్చినవారికి అదేమీ ఉండదు. మీరు ఇక్కడ కొన్న ట్రావెల్ ఇన్సూరెన్స్ మీ వైద్యం కోసం. మీరు గుద్దిన కారు నడిపే మనిషికోసం కాదు.

కాబట్టి సప్లిమెంటల్ లయబిలిటీ, కాగితం మీద ఎస్‌ఎల్‌ఐ లేదా ఎల్‌ఐఎస్ అని ఉండేది, తప్పకుండా తీసుకోండి. ఎంత మొత్తం దాకా ఇస్తుందో అడగండి. డ్యామేజ్ వేవర్ కూడా తీసుకోమంటాను. మన క్రెడిట్ కార్డులు దాన్ని ఇచ్చేది తక్కువ. మీ కార్డు ఇస్తుందంటే బ్యాంకు నుంచి రాతలో తెప్పించుకోండి. పర్సనల్ యాక్సిడెంట్ కవర్, సామాన్లకి కవర్, ముందే పెట్రోల్ కొనుక్కోవడం, పెద్ద కారుకి మార్చడం, వీటన్నిటికీ వద్దని చెప్పండి. ఎవరూ ఏమీ అనుకోరు.

డిసెంబర్ బుకింగ్‌కి ఇలా చెయ్యండి. కంపెనీ సొంత సైట్‌లో నివాస దేశం భారత్ అని ఉన్నదున్నట్టు పెట్టి ధర చూడండి. విదేశీ సందర్శకులకి డ్యామేజ్ వేవరూ, అదనపు లయబిలిటీ రెండూ కలిపిన ప్యాకేజీలు చాలా కంపెనీలు ఇస్తాయి. కౌంటర్‌లో విడివిడిగా కొనేదానికన్నా తరచూ చవకగా ఉంటాయి. అవి రెండూ ఉన్నాయని ఓచర్‌లో పేరుతో సహా కనిపించాలి. మధ్యవర్తి సైట్లలో చివర్లో టిక్ పెట్టించుకునే 'ఫుల్ ప్రొటెక్షన్' వేరే సంగతి. అది ఎక్కువగా అద్దె కారు డ్యామేజీకే. ముందు మీరు కట్టి, తర్వాత కాగితాలు పంపి తిరిగి రాబట్టుకోవాలి. ఎదుటి మనిషి ఊసు అందులో ఉండదు.

దిగిన రాత్రే సంతకం పెట్టాల్సివస్తే, పెన్ను పట్టుకునే ముందు ఒక్కటే అడగండి: "నా వల్ల ఎదుటివాళ్ళకి దెబ్బ తగిలితే ఎవరు, ఎంత దాకా కడతారు? ఈ కాగితంలో ఎక్కడుందో చూపించండి." వేలు పెట్టి చూపించేదాకా కదలకండి. వెనక క్యూ ఉంటే ఉండనివ్వండి.

ప్రశ్న: టెక్సాస్‌లోని డెంటన్‌లో ఎంఎస్ చేస్తున్నాను. సెలవుల్లో ఐదుగురం బిగ్ బెండ్ నేషనల్ పార్కుకి వెళ్దామనుకుంటున్నాం. ఒకడికే 25 దాటాయి. వాడి పేరు మీద కారు తీసుకుని అందరం వంతులవారీగా నడపొచ్చా అక్కా? (ఒక విద్యార్థి)

వద్దు తమ్ముడూ. ఒప్పందంలో పేరు లేని మనిషి స్టీరింగ్ పట్టుకుంటే పైన చెప్పిన కవర్లన్నీ ఆ నిమిషం నుంచి లేనట్టే. డబ్బు కట్టి కొన్న డ్యామేజ్ వేవర్ కూడా. ప్రమాదం జరిగితే కారు ఖరీదు, ఎదుటివారి ఆసుపత్రి ఖర్చు, రెండూ కారు తీసుకున్నవాడి నెత్తిమీద, నడిపినవాడి నెత్తిమీద పడతాయి. వాడు మీ స్నేహితుడు, ఇంకా చదువు అప్పే తీరనివాడు.

నడిపే ప్రతి ఒక్కరూ లైసెన్స్‌తో కౌంటర్‌కి వెళ్ళి పేరు చేర్పించుకోండి. చాలా కంపెనీలు 21 నిండినవారికి ఇస్తాయి, 25 లోపువారికి రోజువారీ అదనపు ఫీజు వేస్తాయి. అందరూ అక్కర్లేదు, ఇద్దరు చాలు. ఆ ఫీజు ఐదుగురూ పంచుకోండి.

డెంటన్ నుంచి బిగ్ బెండ్ ఒక పూట దారి కాదు, పొద్దున బయల్దేరితే చీకటి పడేసరికి చేరతారు. చివరి భాగంలో ఫోన్ సిగ్నల్ ఉండదు, బంకులు దూరదూరంగా ఉంటాయి. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, ట్యాంకు సగం ఉండగానే నింపుకోండి. చీకట్లో జింకలు, జావెలీనాలనే అడవి పందుల్లాంటివి రోడ్డు మీదకి వస్తాయి. పార్కులోని మట్టిదారుల్లోకి అద్దె కారు తీసుకెళ్తే చాలా ఒప్పందాల్లో అది ఉల్లంఘన. నదికి ఆవలే మెక్సికో, కారు అటు దాటకూడదు.

మందు సంగతి మొహమాటం లేకుండా చెప్తున్నాను. 21 నిండనివాళ్ళ రక్తంలో టెక్సాస్‌లో చుక్క కూడా ఉండకూడదు. నిండినవారికి 0.08 శాతం హద్దు, యూటాలో 0.05. మూత తీసిన సీసా కారులో కూర్చునే చోట ఎక్కడున్నా, వెనక సీట్లో ఉన్నా, అదే ఒక నేరం. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్ళకి కోర్టు తీర్పు దాకా కూడా ఆగకపోవచ్చు. తాగి నడిపినందుకు అరెస్టయినా చాలు, వీసా రద్దు చేసే అధికారం విదేశాంగ శాఖకి ఉంది. అమ్మానాన్నలు పొలం తాకట్టు పెట్టి పంపిన పిల్లలు ఈ ఒక్క కారణంతో చదువు మధ్యలో అగచాట్లు పడటం నేను చూశాను. చాలా బాధేసింది. తాగాలనిపిస్తే బస దగ్గరే, కారు తాళాలు తాగనివాడి జేబులో.

ప్రశ్న: నాకు 63 ఏళ్ళు. అంబాసిడర్ రోజుల నుంచి నడుపుతున్నాను, ఒక్క ప్రమాదం లేదు. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో మా అబ్బాయి నన్ను స్టీరింగ్ ముట్టుకోనివ్వడు. నేనే ఒక కారు అద్దెకి తీసుకుంటే తప్పా? (ఒక పాఠకుడు, కాకినాడ)

తప్పేం లేదు బాబాయి గారూ. వయసు ఎక్కువని అమెరికాలో మామూలుగా ఎవరూ కారు ఇవ్వననరు. కానీ మీ అబ్బాయి భయానికీ కారణం ఉంది. మీకు నడపడం రాదని కాదు. మీ చేతులకి ఎన్నో ఏళ్ళుగా ఎడమ వైపు అలవాటైపోయింది, అక్కడ కుడి వైపు పోవాలి. రద్దీలో ఈ తేడా ఇబ్బంది పెట్టదు, ముందు కారు వెనకే పోతాం. పొద్దున్నే ఖాళీ రోడ్డు మీదకి అపార్ట్‌మెంట్ గేటు లోంచి తిరిగేటప్పుడు, బంకులోంచి బయటికొచ్చేటప్పుడు, ఎదురుగా ఏ కారూ కనిపించనప్పుడు చెయ్యి తనంతట తాను ఎడమకి పోతుంది. పొరపాట్లు జరిగేది అక్కడ.

గుర్తు పెట్టుకోవడానికి ఒక్కటే చాలు: నడిపేవారి భుజం ఎప్పుడూ రోడ్డు మధ్య గీత వైపే ఉండాలి. ఇక్కడ కుడి భుజం, అక్కడ ఎడమ భుజం. ఏ మలుపు తిరిగినా అది చూసుకోండి. ఎడమకి తిరిగేది పెద్ద మలుపు, కుడికి తిరిగేది చిన్న మలుపు. మన మారుతి, హ్యుందాయ్‌లలో ఇండికేటర్ కుడి చేతి కింద ఉంటుంది, అక్కడ ఎడమ చేతి కింద. మొదట్లో మలుపు దగ్గర వైపర్లు తిరుగుతాయి, కంగారు పడకండి.

వెళ్ళిన వెంటనే నడపకండి. పగలు రాత్రి తారుమారైన ఒళ్ళు కుదుటపడాలి. ముందు కొన్నాళ్ళు మీ అబ్బాయి పక్కన కూర్చుని, ప్రతి సిగ్నల్ దగ్గరా 'ఇప్పుడు నేనైతే ఏం చేస్తాను' అని చెప్పి చూడండి. ఆదివారం పొద్దున ఏ స్కూలు పార్కింగ్‌లోనో అభ్యాసం చెయ్యండి. ఇలా అడిగితే అబ్బాయి కూడా కాదనడు.

మనకి అసలు లేనివి కొన్ని ఉన్నాయి. ఎర్రటి స్టాప్ బోర్డు కనబడితే మనిషి లేకపోయినా చక్రాలు పూర్తిగా ఆగాలి. నాలుగు వైపులా స్టాప్ ఉంటే ముందు వచ్చి ఆగినవారు ముందు పోతారు, ఒకేసారి వస్తే కుడి పక్కవారికి దారివ్వాలి. ఎర్ర లైటు మీద కూడా పూర్తిగా ఆగి, చూసుకుని కుడికి తిరగవచ్చు, వద్దని బోర్డు ఉంటే తప్ప. అదే న్యూయార్క్ నగరంలోకి వెళ్ళారా, బోర్డు అనుమతిస్తే తప్ప తిరగకూడదు. న్యూజెర్సీలో జీబ్రా గీతల మీద మనిషి అడుగుపెడితే ఆగి, దాటేవరకు ఆగే ఉండాలి. ఇంకా అక్కడ చాలాచోట్ల ఎడమకి వెళ్ళాలంటే కుడి వైపు పాయలోకి దిగి చుట్టి రావాలి. జగ్‌హ్యాండిల్ అంటారు. బోర్డు ముందే చూడకపోతే దాటిపోతారు. దాటిపోతే పోనివ్వండి, తర్వాతి చోట తిరగొచ్చు, వెనక్కి మాత్రం రావద్దు.

పసుపు స్కూల్ బస్సు ఎర్ర లైట్లు ఆర్పి వెలిగిస్తూ ఆగితే వెనకున్నవారే కాదు, ఎదురొచ్చేవారు కూడా ఆగాలి. మధ్యలో డివైడర్ కట్ట ఉంటే ఎదుటివారికి మినహాయింపు, అదీ రాష్ట్రాన్ని బట్టి. ఆ బస్సు దిగిన పిల్లలు రోడ్డు చూడకుండా దాటతారు, కార్లన్నీ ఆగుతాయనే నమ్మకంతో. టెక్సాస్‌లో ఆ బస్సుని దాటిపోతే మొదటిసారికే 500 డాలర్ల నుంచి 1,250 దాకా జరిమానా.

వేగం మైళ్ళలో ఉంటుంది, 65 అంటే మన 105 దగ్గర. పెట్రోల్ మాత్రం న్యూజెర్సీలో మీరు కొట్టుకోనక్కర్లేదు, చట్టం ప్రకారం బంకు మనిషే కొట్టాలి. మిగతా రాష్ట్రాల్లో మనమే కొట్టుకోవాలి. పంపు జిప్ కోడ్ (అక్కడి పిన్‌కోడ్) అడుగుతుంది, మన కార్డులకి అది కుదరదు. లోపల క్యాషియర్‌కి పంపు నంబరు చెప్పి ముందే కట్టెయ్యండి. 87 అని రాసున్నది మామూలు పెట్రోల్.

ప్రశ్న: మనవడికి ఎనిమిది నెలలు. విమానాశ్రయం నుంచి మా అమ్మాయి ఇల్లు గంట దూరమే. ఆ కాసేపటికి కార్ సీటు ఎందుకు, ఒళ్ళో పడుకోబెట్టుకుంటానంటే అల్లుడు ఒప్పుకోవడం లేదు. (ఒక పాఠకురాలు, నెల్లూరు)

అల్లుడు గారి మాట వినండమ్మా. కారు గుద్దుకున్న క్షణంలో ఎంత గట్టిగా పట్టుకున్నా బిడ్డ చేతుల్లో ఆగడు. బలం చాలదు, ఎవరికీ చాలదు. కాలిఫోర్నియాలో రెండేళ్ళ లోపు పిల్లలు వెనక్కి తిరిగి ఉండే సీట్లో కూర్చోవాలి, 40 పౌండ్ల బరువో 40 అంగుళాల ఎత్తో ఉంటే తప్ప. ఎనిమిదేళ్ళ లోపు, నాలుగడుగుల తొమ్మిది అంగుళాల లోపు ఉన్న పెద్ద పిల్లలకీ బూస్టర్ కావాలి. టెక్సాస్‌లోనూ అదే వయసు, అదే ఎత్తు.

ఇక్కడి నుంచి సీటు మోసుకెళ్ళొద్దు. అమెరికా భద్రతా ప్రమాణం ముద్ర ఉన్న సీటే అక్కడ చెల్లుతుంది. అమ్మాయి ఇంట్లో ఉంటే ఎదురు తెమ్మనండి. అద్దెకి తీసుకుంటే కౌంటర్‌వాళ్ళు సీటు చేతికిస్తారు కానీ సాధారణంగా కారులో బిగించరు. ఎలా బిగించాలో వీడియో ముందే చూసుకుని వెళ్ళమనండి. బిగించాక పట్టీ దగ్గర పట్టి ఊపితే అంగుళం మించి కదలకూడదు. చలికాలమైతే లావు కోటు విప్పి పట్టీలు పెట్టి, పైన దుప్పటి కప్పండి.

ప్రశ్న: వెనక పోలీసు కారు లైట్లు వేస్తే దిగి దగ్గరికి వెళ్ళాలా? అక్కడే ఎంతో కొంత కట్టేసి వచ్చెయ్యొచ్చా? (ఒక పాఠకుడు, నిజామాబాద్)

రెండూ చెయ్యకూడదు. కుడి ఇండికేటర్ వేసి రోడ్డు పక్కకి ఆపండి, ఇంజిన్ ఆపండి, రాత్రయితే లోపలి లైటు వెయ్యండి, అద్దం దించి రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టి కూర్చోండి. మన దగ్గర దిగి వెళ్ళడం మర్యాద. అక్కడ దిగితే దాడికి వస్తున్నారేమోనని పోలీసు అనుకుంటాడు. అతను అడిగాక, 'లైసెన్స్ నా బ్యాగులో ఉంది, తీస్తున్నాను' అని చెప్పి అప్పుడు తియ్యండి. పక్కన, వెనక ఉన్నవారు కూడా చేతులు కనబడేలా ఉంచాలి. అందరూ ఒక్కసారి మాట్లాడొద్దు.

లైసెన్స్, పర్మిట్, అద్దె ఒప్పందం చూపిస్తే చాలు. డబ్బు మాట ఎత్తకండి. అది లంచం కింద లెక్క, పెద్ద నేరం. టికెట్ మీద సంతకం పెట్టమంటే పెట్టండి. అది తప్పు ఒప్పుకున్నట్టు కాదు, చెప్పిన తేదీలోగా జవాబిస్తానని మాట ఇచ్చినట్టు. ఆ టికెట్‌ని ఆన్‌లైన్‌లో కట్టొచ్చు. కట్టకుండా విమానం ఎక్కితే వారెంట్ పుట్టవచ్చు, మళ్ళీ వీసాకి వెళ్ళినప్పుడు అది ఎదురుకావచ్చు.

ప్రమాదమైతే 911కి ఫోన్ చెయ్యండి. ఎవరికైనా దెబ్బ తగిలితే వదిలి వెళ్ళడం నేరం. రెండు కార్లు, నంబరు ప్లేట్లు, రోడ్డు ఫొటో తియ్యండి. పోలీసు రిపోర్టు నంబరు రాసుకుని అదే రోజు అద్దె కంపెనీకి చెప్పండి.

ప్రశ్న: శాన్ ఫ్రాన్సిస్కో నుంచి వచ్చి నెల దాటింది. ఇప్పుడు అద్దె కంపెనీ నా కార్డు నుంచి మూడుసార్లు డబ్బు తీసుకుంది. కారు ఇచ్చేటప్పుడు అంతా బావుందన్నారు. ఏం చెయ్యాలి? (ఒక పాఠకుడు, కర్నూలు)

మీ ఉత్తరంతో పంపిన స్టేట్‌మెంట్ చూశాను. మొదటిది గోల్డెన్ గేట్ వంతెన టోల్ అయ్యుంటుంది. 2013 నుంచి అక్కడ డబ్బు తీసుకునే మనిషి లేడు, కెమెరా నంబరు ప్లేటు ఫొటో తీస్తుంది. రెండోది ఆ టోల్ మీద కంపెనీ వేసే సేవా రుసుము. కొన్ని కంపెనీలు టోల్ దాటిన రోజుకే వేస్తాయి, కొన్ని అద్దె ఉన్న అన్ని రోజులకీ వేస్తాయి. వంతెనవారి సైట్‌లో దాటిన 48 గంటల్లోగా సొంతంగా కట్టేస్తే ఆ రుసుము పడదు. టెక్సాస్, ఫ్లోరిడాలలో కూడా నగదు తీసుకోని టోల్ రోడ్లు చాలా ఉన్నాయి. ఫోన్ మ్యాప్‌లో టోల్ వద్దని పెట్టుకుంటే చాలావరకు తప్పుతుంది.

మూడోది పార్కింగ్ జరిమానాలా ఉంది, దానిమీద కంపెనీ నిర్వహణ రుసుము. ఆ నగరంలో ఫుట్‌పాత్ అంచు రంగు చూడకుండా ఎవరూ కారు ఆపకూడదు. ఎరుపైతే ఆపనే కూడదు, నీలం వికలాంగులకి, పసుపు సరుకు దించుకునేవారికి, తెలుపు మనుషులు ఎక్కి దిగడానికి, ఆకుపచ్చ కాసేపటికి. ఫైర్ హైడ్రంట్‌కి, అంటే మంటలార్పే నీళ్ళ కుళాయికి, 15 అడుగులు వదలాలి. వీధి ఊడ్చే రోజు, వేళ స్తంభం మీద రాసుంటాయి, ఆ వేళకి కారు అక్కడుంటే టికెట్టే. వాలు రోడ్డు మీద కారు కిందికి చూస్తుంటే ముందు చక్రాలు అంచు వైపు, పైకి చూస్తుంటే రోడ్డు వైపు తిప్పి ఆపకపోయినా జరిమానా వేస్తారు. మళ్ళీ వెళ్ళేవారికి ఇంకొకటి చెప్పాలి, ఆ ఊళ్ళో కారులో ఏ సంచీ కనబడేలా వదలకండి. అద్దం పగలగొట్టడానికి నిమిషం పట్టదు. పాస్‌పోర్టులు కారులో అసలు ఉంచకండి.

ఇప్పుడు చెయ్యాల్సింది: మూడు ఛార్జీలకీ తేదీ, సమయం, చోటు, టికెట్ నంబరుతో వివరం ఇవ్వమని కంపెనీకి ఈమెయిల్ పెట్టండి. ఆ రోజు మీరెక్కడున్నారో మీ ఫోన్‌లోని ఫొటోల సమయం చూస్తే తెలిసిపోతుంది. సరిపోతే అది మీరు కట్టాల్సినదే. కారు తిరిగిచ్చిన తర్వాతి సమయం ఉన్నా, మీరు వెళ్ళని చోటు పేరున్నా, కారు ఇచ్చిన రసీదు జతచేసి తిరిగి ఇమ్మని అడగండి. ఈసారి నుంచి కారు తీసుకునేటప్పుడు, ఇచ్చేటప్పుడు నాలుగు వైపులా, టైర్లు, పైకప్పు, మైలు మీటరు, పెట్రోల్ ముల్లు ఒకే వీడియోలో తీసి పెట్టుకోండి. కంపెనీ జవాబివ్వకపోతే మీ బ్యాంకు కార్డు విభాగానికి ఆ ఈమెయిల్ కాపీలతో వివాదం నమోదు చెయ్యండి. దానికి గడువు ఉంటుంది కాబట్టి ఈ వారమే మొదలుపెట్టండి.